మర బెల్టు మాటిమాటికీ జారుతోందా?

ఒకప్పుడు ఆడవాళ్లు కోడి కూయకముందే లేచి తిరగలి ముందు కూర్చునేవాళ్లు. జొన్నలు, రాగులు చేత్తో విసిరేవాళ్లు. రెక్కలు పడిపోయేవి. తర్వాత ఊళ్లకు పిండిమర వచ్చింది. కొన్ని చోట్ల దీన్నే గిర్నీ అంటారు. కొన్ని ఊళ్లలో ఆడవాళ్లే మర పెట్టుకుని నడుపుతున్నారు.

మర నడిపే అక్కలకు ఒక తలనొప్పి ఉంటుంది. బెల్టు జారిపోతుంది. ఎక్కిస్తారు. గంట తిరక్కుండానే మళ్లీ జారుతుంది. బయట గంపలు పెట్టుకుని జనం కూర్చుంటారు. "ఇంకా ఎంతసేపమ్మా?" అని తొందర పెడతారు. ఆ తొందరలో చెయ్యి పెడితే వేళ్లు పోతాయి. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

బెల్టు ఊరికే జారదు. ఏదో ఒక కారణం ఉంటుంది. కారణం వెతక్కుండా బెల్టు ఎక్కిస్తే అది మళ్లీ జారుతుంది. మరి కారణం ఎలా వెతకాలి? దెబ్బ తగలకుండా బెల్టు ఎలా ఎక్కించాలి? తెలుసుకుందాం.

బెల్టు ఏం చేస్తుంది?

మోటారుకు ఒక చక్రం ఉంటుంది. మరకు ఒక చక్రం ఉంటుంది. ఈ చక్రాలనే పుల్లీలు అంటారు. మోటారు తిరిగితే బెల్టు తిరుగుతుంది. బెల్టు మరను తిప్పుతుంది.

పుల్లీ చుట్టూ గాడి ఉంటుంది. బెల్టు ఆ గాడిలో కూర్చుంటుంది. బెల్టు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. గొడ్డలి వదులైతే చీల కొడతాం కదా! చీల రెండు పక్కలా బిగుసుకుంటుంది. బెల్టు కూడా అంతే. గాడి రెండు పక్కలనూ పట్టుకుని తిరుగుతుంది. గాడి అడుగుకు అది తగలకూడదు.

ముందు జాగ్రత్త, తర్వాత పని

మరలకు వాడే మోటార్లలో చాలావాటి మీద 1440 అని రాసి ఉంటుంది. నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుందని దాని అర్థం. నిమిషానికి 60 సెకన్లు. 1440ని 60తో భాగించండి. ఎంత వచ్చింది? 24. అంటే ఒక్క సెకనులో 24 చుట్లు! కొంగు చిక్కితే వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు.

అందుకే బెల్టు ముట్టుకునే ముందు ఈ పనులు చెయ్యండి.

1. మెయిన్ స్విచ్ ఆపండి. తర్వాత ఫ్యూజులు తీయండి. మనం ఫీజులు అంటామే, అవి. తీసినవి మీ దగ్గరే పెట్టుకోండి. పని అయ్యేదాకా ఎవరికీ ఇవ్వకండి.

2. మర పూర్తిగా ఆగేదాకా చూడండి. కరెంటు ఆపినా రాయి బరువుకు మర కాసేపు తిరుగుతూనే ఉంటుంది.

3. కొంగు నడుముకు బిగించి దోపుకోండి. జడ ముడి వేసుకోండి. చేతి గాజులు తీసి పక్కన పెట్టండి.

4. పిల్లల్ని బయటికి పంపండి.

ఇంకో మాట. "కరెంటు పోయింది కదా, ఇప్పుడు ఎక్కిద్దాం" అని చాలామంది అనుకుంటారు. ఇది చాలా ప్రమాదం. పోయిన కరెంటు ఏ క్షణాన వస్తుందో ఎవరు చెప్పగలరు? స్విచ్ వేసి ఉంటే కరెంటు రాగానే మర తిరిగిపోవచ్చు. కాబట్టి కరెంటు లేకపోయినా స్విచ్ ఆపాలి. ఫ్యూజులు తీయాలి.

బెల్టు ఎందుకు జారుతుంది?

ఒకటి: బెల్టు వదులు కావడం. మర అదురుకు మోటారు కింది బోల్టులు వదులవుతాయి. మోటారు ముందుకు జరుగుతుంది. బెల్టు వేలాడుతుంది. రెండు పుల్లీల నడిమధ్య బెల్టును బొటనవేలితో నొక్కి చూడండి. పుల్లీల మధ్య రెండడుగుల దూరం ఉంటే, బెల్టు సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. అంటే చిటికెన వేలంత మందం. అంతకన్నా బాగా దిగితే వదులుగా ఉన్నట్టే. బోల్టులు వదులు చేసి, మోటారును వెనక్కి జరిపి, మళ్లీ పానాతో గట్టిగా బిగించాలి.

మరీ బిగించినా కష్టమే. ఎద్దు మెడలో పలుపు వదులైతే జారుతుంది. మరీ బిగిస్తే గొంతు నొక్కుతుంది. బెల్టు కూడా అంతే. మరీ బిగిస్తే బేరింగులు పాడవుతాయి. మోటారు వేడెక్కుతుంది.

రెండు: పుల్లీలు ఒకే వరసలో లేకపోవడం. బెల్టు జారడానికి ఇది పెద్ద కారణం. ఒక పుల్లీ కాస్త ముందుకు, ఒకటి కాస్త వెనక్కి ఉంటే బెల్టు వంకరగా నడుస్తుంది. ఒక పక్కే అరిగిపోతుంది. చివరికి బయటికి దూకుతుంది. దీన్ని చూడడానికి ఒక దారం చాలు. దారాన్ని రెండు పుల్లీల పక్క అంచులకు ఆనించి బిగుతుగా పట్టుకోండి. దారం ఒక్కో పుల్లీకి రెండు చోట్ల, మొత్తం నాలుగు చోట్ల తగలాలి. ఎక్కడైనా సందు కనిపిస్తే పుల్లీ గానీ మోటారు గానీ పక్కకు జరిగినట్టే. సరిచేసి మళ్లీ దారం పట్టి చూడండి. రెండు పుల్లీల అంచుల మందం ఒకటే అయితేనే ఈ లెక్క సరిపోతుంది.

మూడు: బెల్టు గానీ గాడి గానీ అరిగిపోవడం. మంచి బెల్టు పుల్లీ అంచుతో ఇంచుమించు సమానంగా కూర్చుంటుంది. అరిగితే లోపలికి దిగిపోతుంది. గాడి అడుగు చూడండి. అద్దంలా మెరుస్తోందా? అయితే బెల్టు అడుగుకు తగులుతోందన్నమాట. బెల్టు మార్చాలి. కొత్త బెల్టు వేసినా అలాగే దిగితే పుల్లీ మార్చాలి.

నాలుగు: బేరింగు పోవడం. మర ఆపి, ఫ్యూజులు తీశాక పుల్లీని పట్టుకుని అటూ ఇటూ కదపండి. లొడలొడ కదిలితే బేరింగు పోయి ఉండవచ్చు. లేదా ఇరుసు మీద పుల్లీ వదులై ఉండవచ్చు. ఈ పని మెకానిక్‌తో చేయించండి.

ఐదు: మర పట్టేయడం. రాళ్లు మరీ దగ్గరగా బిగించినా, తడి గింజలు పోసినా, ఇనుప ముక్క పడినా మర పట్టేస్తుంది. మోటారు మాత్రం లాగుతూనే ఉంటుంది. బెల్టు జారుతుంది. రబ్బరు కాలిన వాసన వస్తుంది. వాసన రాగానే మర ఆపండి. మర మొదలుపెట్టేటప్పుడు గింజలు దిగే మూత మూసి ఉంచండి. మర వేగం అందుకున్నాకే మూత తెరవండి.

ఇలా చేయకండి

కొందరు స్క్రూడ్రైవరుతోనో, ఇనుప కడ్డీతోనో బెల్టును పుల్లీ మీదికి బలవంతంగా ఎక్కిస్తారు. పైకి బెల్టు బాగానే కనిపిస్తుంది. కానీ లోపల దారాలు ఉంటాయి. అవి తెగుతాయి. బెల్టు మెలి తిరుగుతుంది. మళ్లీ జారుతుంది. సరైన పద్ధతి ఏమిటి? మోటారును ముందుకు జరపాలి. బెల్టు చేత్తోనే సులువుగా ఎక్కుతుంది. తర్వాత మోటారును వెనక్కి లాగి బిగించాలి.

బెల్టు జారుతోందని నూనె, గ్రీజు, కిరసనాయిలు పూయకండి. రబ్బరు పాడవుతుంది. పిండి పేరుకుంటే పొడి బట్టతో తుడవండి.

రెండు మూడు బెల్టులు కలిసి తిరిగే మరలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి పోతే అన్నీ ఒకేసారి మార్చాలి. పాతవి సాగి ఉంటాయి. కొత్తది ఒక్కటే వేస్తే బరువంతా దాని మీదే పడుతుంది.

బెల్టు మీద రాత చదవండి

బెల్టు మీద ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె ఉంటాయి. ఉదాహరణకు బి 72. ఇందులో అక్షరం బెల్టు వెడల్పును చెబుతుంది. ఎ రకం పైవెడల్పు 13 మిల్లీమీటర్లు. బి రకం 17. సి రకం 22. అంకె పొడవును చెబుతుంది. బి 72 అంటే బెల్టు లోపలి చుట్టుకొలత 72 అంగుళాలు. 12 అంగుళాలు ఒక అడుగు. అంటే ఆరడుగులు.

కొన్నాళ్లకు ఈ రాత చెరిగిపోతుంది. కాబట్టి కొత్త బెల్టు వేసిన రోజే నోటు పుస్తకంలో రాసుకోండి. మర గోడ మీద కూడా రాయండి. అప్పుడు దుకాణంలో "మా మరకు ఏది సరిపోతుందో ఇవ్వు బాబూ" అని అడగక్కర్లేదు. "బి 72 ఇవ్వు" అని అడగవచ్చు. ఇచ్చింది అదో కాదో చదివి చూసుకోవచ్చు.

పుస్తకంలో ఇంకా ఏం రాయాలి? బెల్టు వేసిన తేదీ, ధర, జారిన తేదీ, కనిపించిన కారణం. కొత్త బెల్టు కాస్త సాగుతుంది. అందుకే ఒకటి రెండు రోజులు నడిపాక మళ్లీ నొక్కి చూడండి. వదులైతే బిగించండి.

బెల్టుకు కంచె

బెల్టు చుట్టూ ఇనుప జాలీ పెట్టించండి. దాన్నే గార్డు అంటారు. కదిలే యంత్ర భాగాలకు కంచె ఉండాలని 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. అది కార్ఖానాల కోసం వచ్చిన చట్టం. కానీ కార్ఖానాలో అయినా, ఊరి మరలో అయినా వేళ్లు వేళ్లే కదా! బెల్టు ఎక్కించాక జాలీ తిరిగి బిగించండి. ఆ తర్వాతే ఫ్యూజులు పెట్టండి.

పిండి అరగంట ఆలస్యమైతే రొట్టె అరగంట ఆలస్యమవుతుంది. అంతే. పోయిన వేలు మాత్రం తిరిగి రాదు.

చదివారు కదా, చెప్పండి

1. కరెంటు పోయినప్పుడు కూడా స్విచ్ ఎందుకు ఆపాలి?

2. పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో దారంతో ఎలా చూస్తారు?

3. బెల్టు మీద బి 60 అని ఉంది. దాని లోపలి చుట్టుకొలత ఎన్ని అడుగులు?

4. మీ ఊరి మర బెల్టుకు జాలీ ఉందా? లేకపోతే ఎవరితో మాట్లాడాలి? అందరూ కూర్చుని చర్చించండి.