ఇంటి తెలుగు, బడి హిందీ, పుస్తకం ఇంగ్లీషు: మన తప్పులు ఎక్కడి నుంచి వస్తాయి?



ఇంగ్లీషు వ్యాకరణంలో, పాఠాలు చదివి అర్థం చేసుకోవడంలో మనకు తరచుగా ఎదురయ్యే ఇబ్బందులను ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఇది ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు విద్యార్థులందరికీ ఉపయోగపడుతుంది. అయితే మన ఉదాహరణలకు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దుర్గ్ జిల్లాలోని భిలాయి ఉక్కు నగరాన్ని ఎంచుకున్నాం. అందుకు కారణం ఉంది.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలిసింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని కోసం దేశం నలుమూలల నుంచి కుటుంబాలు అక్కడికి చేరాయి. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో, వీధిలో హిందీ మాట్లాడతారు. బజారులో ఛత్తీస్‌గఢీ వింటారు. పుస్తకం తెరిస్తే ఇంగ్లీషు.

ఇలాంటి విద్యార్థి ఇంగ్లీషులో తప్పు రాసినప్పుడు ‘వీడికి ఇంగ్లీషు రాదు’ అనేయడం సులభం. నాలుగుసార్లు ఆ మాట విన్నాక విద్యార్థి కూడా దాన్నే నమ్ముతాడు. క్లాసులో నోరు విప్పడం మానేస్తాడు. కానీ ఆ తప్పులను వరుసగా పేర్చి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాటిలో చాలావాటి వెనుక ఒక నియమం ఉంది. ఆ నియమం ఇంగ్లీషుది కాదు, తెలుగుదో హిందీదో. నియమం ఏ భాషదో గుర్తుపడితే తప్పును దిద్దుకోవడం తేలిక. పైగా ఒక భాష దారి తప్పించిన చోట రెండోది దారి చూపవచ్చు.

1. తెలుగు దారి తప్పించే చోట్లు, హిందీ ఆదుకునే చోట్లు

(అ) ‘ఈజ్’ జారిపోవడం: ‘ఆయన ఇంజనీరు’ అన్నది తెలుగులో పూర్తి వాక్యం. ఇందులో క్రియ లేదు. ఈ అలవాటుతో రాస్తే ‘హి ఇంజనీర్’ అని వస్తుంది. ఇంగ్లీషులో క్రియ లేకుండా వాక్యం పూర్తికాదు. ‘హి ఈజ్ యాన్ ఇంజనీర్’ అనాలి. ‘పుస్తకం బల్ల మీద ఉంది’ వంటి వాక్యంలో మనం ఈ తప్పు అంతగా చేయం. అక్కడ ‘ఉంది’ కనిపిస్తోంది కాబట్టి ‘ఈజ్’ గుర్తుకొస్తుంది. ‘ఎవరు, ఏమిటి’ అని చెప్పే వాక్యాల్లోనే జాగ్రత్త అవసరం.

ఇక్కడ హిందీ ఆదుకుంటుంది. ‘వహ్ ఇంజినియర్ హై’ అన్నప్పుడు ‘హై’ తప్పనిసరి. హిందీలో ‘హై’ పలికే చోట ఇంగ్లీషులో ‘ఈజ్’ ఉందో లేదో చూసుకోండి. ఇంకో విశేషం. భిలాయి నిర్మాణానికి వచ్చిన సోవియట్ నిపుణుల భాష రష్యన్. అందులోనూ ‘అతను ఇంజనీరు’ అనడానికి ‘ఓన్ ఇంజెనేర్’ అంటే చాలు, ‘ఈజ్’తో పనిలేదు. ఈ విషయంలో తెలుగు, రష్యన్ ఒక దారి. హిందీ, ఇంగ్లీషు మరొక దారి.

(ఆ) విశేషణ వాక్యాలు: పఠనంలో అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఇవే. ఈ వాక్యం చూడండి.

‘ది ఇంజనీర్ హూమ్ ది వర్కర్ కాల్డ్ కేమ్ లేట్.’

ఎవరు పిలిచారు? ఎవరు ఆలస్యంగా వచ్చారు? తొందరగా చదివితే ‘ఇంజనీరు పిలిచాడు, కార్మికుడు ఆలస్యంగా వచ్చాడు’ అని పొరబడే అవకాశం ఉంది. అసలు అర్థం ‘కార్మికుడు పిలిచిన ఇంజనీరు ఆలస్యంగా వచ్చాడు’ అని. తెలుగులో ‘కార్మికుడు పిలిచిన’ అనే వివరణ నామవాచకానికి ముందు వస్తుంది. ఇంగ్లీషులో తరువాత వస్తుంది. అంతేకాదు, విడిగా ‘పిలిచిన ఇంజనీరు’ అంటే పిలిచినవాడూ కావచ్చు, పిలిపించుకున్నవాడూ కావచ్చు. ఇంగ్లీషు ఆ సందేహాన్ని ‘హూ’, ‘హూమ్’ అనే మాటలతో, పదాల వరుసతో తీరుస్తుంది.

హిందీలో ‘వహ్ ఇంజినియర్ జిసే మజ్‌దూర్ నే బులాయా థా, దేర్ సే ఆయా’ అనవచ్చు. వివరణ ఇక్కడ కూడా నామవాచకం తరువాతే వచ్చింది. హిందీలోని ‘జో, జిసే, జిస్‌కా’ మాటలు ఇంగ్లీషులోని ‘హూ, హూమ్, హూజ్’ మాటలకు దగ్గర బంధువులు. భిలాయి విద్యార్థికి ఇది పెద్ద సౌకర్యం.

2. హిందీ దారి తప్పించే చోట్లు, తెలుగు ఆదుకునే చోట్లు

(అ) ‘హిజ్’, ‘హర్’: హిందీలో ‘యహ్ రవి హై. ఉస్‌కీ కితాబ్ యహా హై’ అంటాం. ‘ఉస్‌కీ’ అన్నది రవిని బట్టి రాలేదు. ‘కితాబ్’ స్త్రీలింగం కాబట్టి వచ్చింది. ఇదే లెక్కతో ఇంగ్లీషులో ‘హర్ బుక్’ అంటే రవి అమ్మాయి అయిపోతాడు! ఇంగ్లీషులో వస్తువును కాదు, దాని యజమానిని చూడాలి. తెలుగులో జరిగేదీ అదే. ‘అతని పుస్తకం’, ‘ఆమె పుస్తకం’ అంటాం కదా. ‘అతని’ అయితే ‘హిజ్’, ‘ఆమె’ అయితే ‘హర్’. ఇక్కడ తెలుగును నమ్ముకోండి.

(ఆ) అనవసరమైన ‘హ్యాడ్’: ‘మై కల్ బాజార్ గయా థా’ అనే హిందీ వాక్యంలోని ‘థా’ను పట్టుకుని చాలామంది ‘ఐ హ్యాడ్ గాన్ టు ది మార్కెట్ యెస్టర్‌డే’ అని రాస్తారు. జరిగినది ఒక్క పని అయితే ‘హ్యాడ్’ అక్కర్లేదు. ‘నిన్న బజారుకు వెళ్లాను’ అనే తెలుగు వాక్యంలో ఒకే క్రియ ఉంది. ఇంగ్లీషులోనూ ‘ఐ వెంట్ టు ది మార్కెట్ యెస్టర్‌డే’ అంటే సరిపోతుంది. గతంలో రెండు పనులు జరిగి, వాటిలో ముందు ముగిసినదాన్ని చెప్పాల్సి వచ్చినప్పుడు ‘హ్యాడ్’ పనికొస్తుంది. ఉదాహరణకు ‘ది ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్ వెన్ వుయ్ రీచ్డ్ ది స్టేషన్.’ అంటే, మేము స్టేషనుకు చేరేసరికే రైలు వెళ్లిపోయింది.

(ఇ) ‘అంటిల్’ పక్కన ‘నాట్’: ఒక యంత్రం దగ్గర ఇలా రాసి ఉందనుకోండి.

‘డు నాట్ స్టార్ట్ ది మోటార్ అంటిల్ ది లైట్ టర్న్స్ గ్రీన్.’

హిందీలో దీన్ని ‘జబ్ తక్ బత్తీ హరీ న హో, మోటార్ చాలూ మత్ కరో’ అంటారు. ఇందులో ‘న’, ‘మత్’ అని రెండు వ్యతిరేకాలు ఉన్నాయి. ఆ అలవాటుతో ‘అంటిల్ ది లైట్ డజ్ నాట్ టర్న్ గ్రీన్’ అని రాస్తే వాక్యం చెడిపోతుంది. ‘దీపం పచ్చగా మారేవరకు మోటారు ఆన్ చేయవద్దు’ అనే తెలుగు వాక్యంలో ఒకే వ్యతిరేకం ఉంది. ఇంగ్లీషులోనూ ఒకటే. పరీక్షలో ఇలాంటి వాక్యం తప్పుగా రాస్తే ఒక మార్కు పోతుంది. యంత్రం దగ్గర హెచ్చరికను తప్పుగా రాస్తే, తప్పుగా చదివితే పోయేది మార్కు మాత్రమే కాదు.

3. రెండు భాషలూ సహాయం చేయని చోట్లు

ఇవి కొత్తగా నేర్చుకుని, సాధన చేయవలసిన విషయాలు.

(అ) ‘ఎ, యాన్, ది’: ఇలాంటి ఆర్టికల్స్ తెలుగులో లేవు, హిందీలో లేవు. రష్యన్‌లోనూ, జపనీస్‌లోనూ లేవు. కాబట్టి ఇది మన ఒక్కరి బలహీనత కాదు. కొత్త విషయాన్ని పరిచయం చేసేటప్పుడు ‘ఎ’ లేదా ‘యాన్’, వినేవారికి అప్పటికే తెలిసినదాని గురించి చెప్పేటప్పుడు ‘ది’ అన్నది మొదటి సూత్రం. ‘ఒక పుస్తకం కొన్నాను. పుస్తకం బాగుంది’ అన్నప్పుడు మొదటిది ‘ఎ బుక్’, రెండోది ‘ది బుక్’. అయితే వృత్తులు చెప్పేటప్పుడు తెలుగులో ‘ఒక’ రాదు. ఇంగ్లీషులో మాత్రం ‘ఎ టీచర్’, ‘యాన్ ఇంజనీర్’ అని ఉండాలి.

‘ఎ’ వాడాలా, ‘యాన్’ వాడాలా అన్న సందేహం వస్తే మన లిపి చక్కగా ఉపయోగపడుతుంది. తరువాతి మాటను తెలుగు అక్షరాల్లో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’. ‘అవర్’ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ‘యాన్ అవర్’. ‘యూనివర్సిటీ’ యకారంతో మొదలవుతుంది కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’. 2016లో ఐఐటీ భిలాయి మొదలైంది. అక్కడి విద్యార్థి ‘యాన్ ఐఐటీ స్టూడెంట్’. ఉక్కు కర్మాగారం వారి బడి ‘ఎ బీఎస్పీ స్కూల్’. దేవనాగరిలో రాసి చూసినా ఇదే ఫలితం వస్తుంది. ఒక జాగ్రత్త: మనలో కొందరం ‘ఎం.ఏ.’ను ‘యెం.ఏ.’ అని పలుకుతాం. ఇంగ్లీషులో దాని మొదటి ధ్వని అచ్చే కాబట్టి ‘యాన్ ఎం.ఏ. స్టూడెంట్’ అనాలి.

(ఆ) ‘నుంచి’, ‘సే’: ‘పదేళ్ల నుంచి భిలాయిలో ఉంటున్నాం.’ ‘హమ్ దస్ సాల్ సే భిలాయి మే రహ్ రహే హై.’ రెండు భాషలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి తప్పు మరీ బలంగా నాటుకుంటుంది. ‘వుయ్ ఆర్ లివింగ్ ఇన్ భిలాయి ఫ్రమ్ టెన్ ఇయర్స్’ అంటాం. ఇంగ్లీషులో అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘హ్యావ్ బీన్’ కావాలి. ‘వుయ్ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ భిలాయి ఫర్ టెన్ ఇయర్స్’ అన్నది సరైన వాక్యం. ఎంత కాలమో చెబితే ‘ఫర్’. ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది కదా. ‘ఛత్తీస్‌గఢ్ హ్యాజ్ బీన్ ఎ స్టేట్ సిన్స్ 2000’ అని గుర్తుపెట్టుకోండి.

(ఇ) ‘నాకు ఉన్నారు’: ‘నాకు ఇద్దరు అన్నయ్యలు ఉన్నారు’ అన్నా, ‘మేరే దో భాయీ హై’ అన్నా ‘హ్యావ్’ వంటి క్రియ కనిపించదు. ఇంగ్లీషులో ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’ అనాలి. ‘ఐ యామ్ హ్యావింగ్’ అనకూడదు. అన్నయ్యలు ఉండడం ఒక స్థితి, జరుగుతున్న పని కాదు.

(ఈ) ప్రశ్నలు: తెలుగులో, హిందీలో ప్రశ్న వేసినా కర్త, క్రియల వరుస మారదు. అందుకే ‘వేర్ యు ఆర్ గోయింగ్?’ అని వస్తుంది. ఇంగ్లీషులో సహాయక క్రియ కర్త ముందుకు రావాలి: ‘వేర్ ఆర్ యు గోయింగ్?’ అదే ప్రశ్న మరో వాక్యంలో ఇమిడిపోతే వరుస మళ్లీ మామూలే: ‘ఐ డోంట్ నో వేర్ యు ఆర్ గోయింగ్.’

4. పెద్ద వాక్యాన్ని చదివే పద్ధతి

తెలుగులో, హిందీలో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. జపనీస్‌లోనూ అంతే. వివరణ నామవాచకానికి ముందు రావడంలో జపనీస్ మన తెలుగును పోలి ఉంటుంది. అందువల్ల జపాన్ విద్యార్థులకూ మన ఇబ్బందే ఎదురవుతుంది. ఇంగ్లీషు వాక్యాన్ని వెనుక నుంచి ముందుకు తిప్పుకుంటూ, మాటమాటా తమ భాషలోకి మార్చుకుని చదివే పద్ధతి అక్కడ చాలాకాలం నడిచింది. దాన్ని ‘యాకుదోకు’ అంటారు. అర్థం దొరుకుతుంది కానీ వేగం రాదు. మనం కూడా తెలియకుండానే ఈ పనే చేస్తుంటాం. పరీక్షలో పాఠ్యభాగం సగం చదివేసరికి సమయం అయిపోతుంది.

దీనికి బదులు వాక్యాన్ని ముక్కలుగా విడదీసి, ముందు నుంచి వెనక్కి చదవండి. భిలాయి కర్మాగారం భారతీయ రైల్వేలకు పట్టాలు తయారుచేస్తుంది. దాని గురించి ఒక వాక్యం చూద్దాం.

‘ది రెయిల్స్ / విచ్ ది మిల్ మేక్స్ / క్యారీ ట్రెయిన్స్ / అక్రాస్ ది కంట్రీ.’

మొదట క్రియలు వెతకండి. ‘మేక్స్’, ‘క్యారీ’ అని రెండున్నాయి. తరువాత ‘విచ్, హూ, దట్’ వంటి మాట ఎక్కడుందో చూడండి. దాని వెంట ఉన్న ‘మేక్స్’ వివరణకు చెందినది. మిగిలిన ‘క్యారీ’ అసలు క్రియ. ఇప్పుడు వివరణను వేలితో మూసి చదవండి: పట్టాలు రైళ్లను మోస్తాయి. ఏ పట్టాలు? మిల్లు తయారుచేసేవి. ఎక్కడ? దేశమంతటా. ఇలా ప్రతి ముక్క దగ్గర ఒక ప్రశ్న వేసుకుంటూ వెళితే వెనక్కి తిరగవలసిన అవసరం రాదు.

గుర్తుంచుకోండి

తప్పుల కోసం ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఉపాధ్యాయులు దిద్దిన ప్రతి తప్పునూ అందులో రాసి, పక్కన ‘తె’, ‘హి’ లేదా ‘రెండూ’ అని గుర్తు వేయండి. ‘తె’ గుర్తున్న తప్పుకు హిందీ వాక్యాన్ని, ‘హి’ గుర్తున్న తప్పుకు తెలుగు వాక్యాన్ని పక్కన రాసి పోల్చండి. ‘రెండూ’ గుర్తున్నవాటిని మాత్రం సరైన ఇంగ్లీషు వాక్యంగా పదిసార్లు పైకి చదివి అలవాటు చేసుకోండి. రెండు భాషలు వచ్చిన విద్యార్థి చేతిలో రెండు కొలబద్దలు ఉన్నట్టే. వాటిని బరువు అనుకోకండి.

అభ్యాసం

కింది వాక్యాలను సరిదిద్ది, తప్పు ఏ భాష నుంచి వచ్చిందో చెప్పండి.

1. మై మదర్ టీచర్.
2. ఐ హ్యాడ్ గాన్ టు మైత్రీ బాగ్ యెస్టర్‌డే.
3. వుయ్ ఆర్ స్టడీయింగ్ హియర్ ఫ్రమ్ త్రీ ఇయర్స్.
4. వెయిట్ అంటిల్ ఐ డోంట్ కమ్.
5. ‘ది బాయ్ హూమ్ ది టీచర్ ప్రెయిజ్డ్ మెట్ ది ప్రిన్సిపల్.’ ఈ వాక్యంలో తప్పు లేదు. ప్రిన్సిపల్‌ను కలిసినది ఎవరు?

జవాబులు

1. మై మదర్ ఈజ్ ఎ టీచర్. (‘ఈజ్’ లేకపోవడం తెలుగు ప్రభావం, ‘ఎ’ లేకపోవడం రెండు భాషల ప్రభావం.)
2. ఐ వెంట్ టు మైత్రీ బాగ్ యెస్టర్‌డే. (హిందీ)
3. వుయ్ హ్యావ్ బీన్ స్టడీయింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్. (రెండూ)
4. వెయిట్ అంటిల్ ఐ కమ్. (హిందీ)
5. బాలుడు. ఉపాధ్యాయుడు మెచ్చుకున్నది ఆ బాలుణ్నే.