నెలలు నిండని బిడ్డ కళ్లు

ఈవేళ మీతో చెప్పదలచుకున్నది మా ఇంట్లో జరిగిన సంగతే. మా పెద్దమ్మ మనవరాలు ఏడో నెలలోనే పుట్టింది. బరువు 1300 గ్రాములు. ఇరవై నాలుగు రోజులు గాజుపెట్టెలో ఉంచి, ఆక్సిజన్ ఇచ్చి డాక్టర్లు బతికించారు. ఇంటికి పంపేటప్పుడు, ఈ వారంలోనే కళ్ల పరీక్ష చేయించండని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. మా పెద్దమ్మ ఒప్పుకోలేదు. "పిల్ల చక్కగా కళ్లు తెరిచి చూస్తోంది. మూడో నెల వెళ్లేదాకా గడప దాటించేది లేదు" అంది. పెద్దావిడ మాట ఎవరు కాదంటారు? నాలుగో నెలలో, పిల్ల దీపం వంక తిరగడం లేదని తల్లి కనిపెట్టింది. అప్పటికే కుడికన్ను పోయింది. ఎడమకంటికి ఆపరేషన్ చేసి కాస్త చూపు నిలబెట్టారు.

ఈ జబ్బుని డాక్టర్లు ఆర్.ఓ.పి. అంటారు. కంటి లోపల వెనకవైపు రెటీనా అనే పల్చటి తెర ఉంటుంది. మనం చూసే బొమ్మ పడేది దానిమీదే. బిడ్డ కడుపులో ఉండగా నాలుగో నెల నుంచీ ఆ తెరమీద రక్తనాళాలు, పందిరిమీద తీగ పాకినట్టు, మధ్యనుంచి అంచులకి పాకుతూ వస్తాయి. అంచు చేరేసరికి ఇంచుమించు నెలలు నిండుతాయి. ముందే పుట్టిన బిడ్డకి ఆ పాకడం సగంలో ఆగిపోతుంది. కొన్ని వారాలకి, రక్తం చాలని తెర ఆకలితో అల్లాడుతుంది. అప్పుడు నాళాలు మళ్లీ పెరుగుతాయి గాని, దారి తప్పి పిచ్చితీగల్లా పెరుగుతాయి. ముదిరితే తెరనే ఊడలాగేస్తాయి. ఇంత జరుగుతున్నా పైకి కన్ను నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇక మా పెద్దమ్మనని ఏం లాభం?

1942లో బోస్టన్‌లో టెర్రీ అనే డాక్టరు ఈ జబ్బుని మొదట వర్ణించాడు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల వైద్యురాలు, ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చిన పిల్లల్లోనే ఇది ఎక్కువని చూపించింది. ప్రాణం నిలిపే గాలే చూపు తీస్తోందన్నమాట! అలాగని బొత్తిగా తగ్గిస్తే ప్రాణానికే ముప్పు. అందుకే ఇప్పుడు మీటరు చూసుకుంటూ కొలిచి ఇస్తారు.

అయితే ఒకే వార్డులో ఒకేలా చూసిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి వచ్చి, రెండోవారికి రాదేం? ముందే పసిగట్టే గుర్తు ఏదైనా ఉందా? ఇలాంటి గుర్తులనే బయోమార్కర్లు అంటారు. స్వీడన్‌లో ఆన్ హెల్‌స్ట్రోమ్, బోస్టన్‌లో లోయిస్ స్మిత్ అనే వైద్యురాళ్లు మరికొందరితో కలిసి 2001లో ఒక గుర్తు బయటపెట్టారు. ఐ.జి.ఎఫ్.-1 అనే ఎదుగుదల పదార్థం ఒకటుంది. కడుపులో ఉన్నంతకాలం బిడ్డకి దానికి లోటుండదు. ముందే పుడితే రక్తంలో ఒక్కసారిగా పడిపోతుంది. అది చాలాకాలం తక్కువగా ఉండిపోయిన పిల్లల్లోనే కంటిజబ్బు ఎక్కువని తేలింది.

కాని ప్రతి వారం రక్తం తీయాలంటే మాటలా! కిలో బరువున్న బిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే చిన్న కాఫీ గ్లాసుడు. అప్పుడు వాళ్లకి తట్టిన ఉపాయం నాకు మహా నచ్చింది. ఆ పదార్థం తక్కువైన బిడ్డ ఒళ్లు కూడా చెయ్యదు కదా, అయితే త్రాసే చెబుతుందిగా! వారం వారం బరువు లెక్క కట్టి, ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పే పద్ధతి తయారుచేశారు. వేలెడంత బిడ్డకి సూది పోటు తప్పింది.

అలాగని త్రాసునే నమ్ముకుని కూర్చోకూడదు. ఒంటికి నీరు పట్టినా బరువు పెరుగుతుంది. పైగా ఆ లెక్కలు మరీ ముందుగా పుట్టిన పిల్లలకోసం కట్టినవి. మన దేశంలో కిలోన్నర దాటిన పిల్లలకి కూడా ఈ జబ్బు వస్తోంది. అందుకే ఇక్కడ 2000 గ్రాములకి లోపు పుట్టినా, 34 వారాలు నిండకుండా పుట్టినా, ముప్పై రోజుల్లోపు కళ్లు చూపించాలని నియమం పెట్టారు. 28 వారాలలోపు పుట్టినవాళ్లకీ, 1200 గ్రాములైనా లేనివాళ్లకీ ఇంకా ముందే, రెండు మూడు వారాలకే చూడాలి. ఆ ముప్పై రోజులు పుట్టినరోజు నుంచి లెక్క, ఇంటికి వచ్చిన రోజు నుంచి కాదు సుమా!

పరీక్షకి చుక్కలు వేసి, రెప్పలు తెరిచిపట్టి, తలకి దీపం తగిలించుకున్న డాక్టరు చూస్తాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. తల్లి గుండె తరుక్కుపోతుంది, నిజమే. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఒకసారి చూసి బాగుందన్నారని ఊరుకోకండి, నాళాలు అంచు చేరేదాకా వాళ్లు రమ్మన్నప్పుడల్లా వెళ్లాల్సిందే. జబ్బు ముదిరే సూచన కనిపిస్తే లేజర్ చేస్తారు, లేదా కంట్లో ఇంజెక్షన్ ఇస్తారు. దానికి గడువు రెండు మూడు రోజులే.

మా పెద్దమ్మ మనవరాలికి ఇప్పుడు ఆరేళ్లు. బళ్లో ముందు బల్లమీద కూచుంటుంది. ఈ మధ్యనే మా ఇంటి ఎదురుగా ఉన్న అమ్మాయి కూడా నెలలు నిండకుండానే ప్రసవించింది. ఇరవయ్యొకటో రోజు ఉయ్యాల వేడుక పెట్టుకున్నారు. "వేడుక తరవాత, ముందు కళ్ల డాక్టరు" అని ఆ ఇంటికి వెళ్లి పోట్లాడింది ఎవరనుకున్నారు? మా పెద్దమ్మే!