కంపు మీద దావా

పొరుగువాడు గోడ ముందుకు జరిపితే కోర్టులో కొలతలు చూపవచ్చు. కొడితే గాయం చూపవచ్చు. వాడి దొడ్లోంచి వచ్చే కంపును ఏ సీసాలో పట్టి జడ్జీగారికి చూపడం? అయినా జనం ఊరుకోలేదు.

1610లో ఇంగ్లండులోని నార్ఫక్‌లో ఆల్‌డ్రెడ్ అనే ఆయన ఇంటి పక్కనే పొరుగాయన పందుల దొడ్డి కట్టాడు. గాలి ఇటు తిరిగితే చాలు, ఇల్లంతా కంపు. ఆల్‌డ్రెడ్ వ్యాజ్యం వేశాడు. పందులు మనుషుల తిండికి కావలసినవే గదా, ఆ వాసన ఓర్చుకోలేనంత సుకుమారపు ముక్కు పనికిరాదని ప్రతివాది వాదన! కోర్టువారు వినలేదు. ఇంట్లో మంచి గాలి పీల్చడం గృహస్థు హక్కేనని ఆల్‌డ్రెడ్‌ను గెలిపించారు.

తరవాత ఫ్యాక్టరీల కాలం వచ్చింది. పందుల దొడ్డికంటె పొగగొట్టానికి పలుకుబడి ఎక్కువ. లాంకషైరులో సెంట్ హెలెన్స్ దగ్గర టిప్పింగ్ అనే ఆయన కొన్న ఎస్టేటులో, రాగి కరిగించే కార్ఖానా ఆవిర్లకు చెట్లు మాడిపోయాయి. 1865లో ప్రభువుల సభ ఆయనకు నష్టపరిహారం ఖాయం చేస్తూనే ఒక మెలిక పెట్టింది. ఆస్తి పాడైతే ఏ పేటలోనైనా తప్పే. వట్టి అసౌకర్యమైతే మాత్రం అది ఎలాంటి పేటో చూడాలట. చెట్టుకున్న మర్యాద ముక్కుకు లేకపోయింది! కార్ఖానాల పక్కన కాపురముండేది ఎవరు? అద్దె తక్కువని వచ్చినవాళ్ళేగా.

మన దేశంలో ఈ ముక్కుకు మర్యాద దక్కింది మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో. న్యూరోడ్డు వాసులకు అక్కడ అన్నీ బాధలే. ఆల్కహాలు కార్ఖానా నుంచి కంపు నీళ్ళు వీధిలోకి పారేవి. కాలవలు సరిగా లేవు. మురికివాడల వారికి మరుగుదొడ్లు లేక ఆ కాలవలే దిక్కయ్యాయి. ఇక దోమల సంగతి చెప్పనక్కరలేదు. మునిసిపాలిటీ కదలకపోయేసరికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను కింద మేజిస్ట్రేటును ఆశ్రయించారు. పదిమందికి కీడుచేసే ఉపద్రవాన్ని తొలగించమని ఆజ్ఞాపించడానికి ఏర్పడిన సెక్షను అది. మేజిస్ట్రేటు ఆజ్ఞ ఇచ్చాడు, సెషన్సు కోర్టు కొట్టేసింది, హైకోర్టు మళ్ళీ నిలబెట్టింది. మునిసిపాలిటీ సుప్రీంకోర్టు కెక్కింది.

అక్కడ వారు చెప్పుకున్నది ఒక్కటే: డబ్బు లేదు. ఇంటిపన్ను కట్టమన్నప్పుడు మనం ఆ మాటే అంటే మునిసిపాలిటీ వారు వింటారా?

1980 జూలైలో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి (ఈయన మన తెలుగువారే) తీర్పు చెప్పారు. చట్టం నెత్తిన పెట్టిన బాధ్యతకు ఖాళీ ఖజానా సాకు కాదన్నారు. కార్ఖానా నీళ్ళు వీధిలోకి రాకుండా ఆపాలి, కంపు గుంటలు పూడ్చాలి, ఆరు నెలల్లో ఆడవారికీ మగవారికీ వేరువేరుగా మరుగుదొడ్లు కట్టాలి, వాటికి నీళ్ళివ్వాలి, ఉదయం సాయంత్రం శుభ్రం చేయించాలి. సొమ్ము చాలకపోతే ప్రభుత్వాన్ని అడిగి తెచ్చుకోవాలి. న్యూరోడ్డువారు తమ ముక్కు కోసం వేసిన కేసులో మురికివాడ ఆడవాళ్ళకు మరుగు దొరికిందన్నమాట.

ఆ కోడ్ ఇప్పుడు లేదు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత 133 అందులో 152వ సెక్షను. నష్టపరిహారం కావలసినవారు సివిలు దావా వేరే వేసుకోవలసిందే. కంపు ఆగితే చాలుననుకునేవారు సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే మన జిల్లాల్లో ఆర్.డి.ఓ. గారికి, అర్జీ పెట్టుకోవచ్చు.