సుందరపాలెం తగవు ఇంకా తెగలేదు

శ్రీకాకుళం: అప్పు తీసుకున్నవాడు తీర్చాలి. ఇందులో రెండో మాట లేదని ఏ ఊరి పెద్దమనిషినడిగినా చెబుతాడు. మరి ఆ న్యాయమైన మాటే ఒక పసిబిడ్డ ప్రాణం తీస్తే తప్పు ఎవరిది? అప్పు ఇచ్చినవాడిదా? తీసుకున్నవాడిదా? తగవు చెప్పిన పెద్దలదా?

కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ కథ చదివినవారు కొన్ని దశాబ్దాలుగా ఈ ప్రశ్న దగ్గరే ఆగి వాదులాడుకుంటున్నారు. 1924లో పుట్టిన మాస్టారు ఈ జిల్లావారే. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేశారు. 1960లలో వచ్చిన ఈ కథ ‘యజ్ఞంతో తొమ్మిది’ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకానికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు లభించింది.

కథ ఇదీ

సుందరపాలెం అనే ఊళ్లో పంచాయితీ జరుగుతుంది. అప్పల్రాముడనే హరిజన రైతు గోపన్నకు బాకీ పడ్డాడు. తగవు చెప్పేది శ్రీరాములు నాయుడు. గాంధీగారి బాటలో నడిచినవాడు, ఊరికి రోడ్డు, బడి వంటివి రావడానికి పాటుపడినవాడు. ఊరు బాగుపడింది. ఇంటిల్లపాదీ రెక్కలు ముక్కలు చేసుకున్నా అప్పల్రాముడి సంసారం మాత్రం చితికిపోయింది. అప్పు ఎందుకు తీరలేదో అతను సభలో చెప్పుకుంటాడు. చివరకు ఉన్న భూమి వదులుకుని బాకీ తీర్చేందుకు ఒప్పుకుంటాడు.

అంతలో అతని కొడుకు సీతారాముడు తన పసికొడుకునే చంపి, ఆ శవాన్ని తెచ్చి సభ ముందు పడేస్తాడు. భూమి పోయాక తన బిడ్డ కూడా కంబారిగానే బతకాలి గనక ఈ పని చేశానంటాడు. మాస్టారు ఎవరి తరఫునా తీర్పు రాయకుండా కథ ముగించారు.

తలా ఒక మాట

ఈ కథను నలుగురు కలిసి చదివితే ఒక్క మాట మీదికి రావడం కష్టమే. గోపన్న ఇచ్చిన డబ్బే కదా అడిగాడు, అందులో తప్పేముందని కొందరంటారు. ఆ మాట తీసిపారేసేది కాదు. గోపన్నను మాస్టారు కసాయివాడిగా చూపలేదు. నాయుణ్ణీ లంచగొండిగా చిత్రించలేదు. చెడ్డవాడొకడుంటే తప్పంతా వాడి నెత్తిన రుద్ది పాఠకుడు హాయిగా నిద్రపోయేవాడు. ఇక్కడ ఆ వీలు లేదు.

సీతారాముడు చేసింది ఘోరం, కోపముంటే పెద్దల మీద తిరగబడాలి గాని పాలు తాగే బిడ్డ ఏం చేశాడని మరికొందరు నిలదీస్తారు. విమర్శకులలోనూ ఈ ముగింపును ఒప్పుకోనివారున్నారు. ఇంతకూ ఆ బిడ్డ తల్లిని ఎవరైనా అడిగారా అన్నది మరో ప్రశ్న. ఇంకో వర్గం మాట వేరు: సీతారాముడు చేసింది మంచా చెడా అని కాదు, ఒక తండ్రి చేత అలాంటి పని చేయించిన బతుకు ఏమిటో చూడమంటారు. భూమి పోతే ఆ కుటుంబానికి మిగిలేది ఒకరి ఇంట కంబారితనమే.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. కథ అంతకు ముందుది. కాలం మారింది, ఆ కథతో ఇప్పుడు పనేమిటని అడిగేవారూ ఉండవచ్చు. అయితే అప్పు కింద చెక్కభూమి పోగొట్టుకుని కూలికి పోయే కుటుంబం తమ ఊళ్లో ఒక్కటైనా ఉందా లేదా అన్నది చదివినవారే చెప్పాలి.

పేరులోనే ఉంది చిక్కు

యజ్ఞంలో బలి ఉంటుంది, ఫలం కూడా ఉంటుంది. ఈ కథలో బలి అయింది పసివాడని తెలుస్తూనే ఉంది. యజ్ఞం చేసిందెవరు, ఫలం దక్కిందెవరికి అన్నదే తేలదు. ఊరి బాగు కోసం నాయుడు పడిన పాటును యజ్ఞమనుకుంటే కథ ఒక రకంగా కనిపిస్తుంది. తరతరాలుగా అప్పల్రాముడి కుటుంబం చేసిన చాకిరీని యజ్ఞమనుకుంటే మరో రకంగా కనిపిస్తుంది. ఏ అర్థం చెప్పినా, కథలో ఆ మాటకు ఆధారం ఎక్కడుందో చూపించగలగాలి. అలా కాకపోతే చర్చ కాస్తా వీధి తగాదా అవుతుంది.

గ్రంథాలయంలో ఒక సాయంత్రం

‘యజ్ఞం’ పొడవైన కథ. ఒకరు పైకి చదువుతుంటే పదిమంది వినవచ్చు. చదువు రానివారు కూడా ఈ చర్చలో వెనుకబడరు. అప్పు సంగతి, వడ్డీ సంగతి, పెద్దల తగవు సంగతి వారికి పుస్తకం చెప్పనక్కరలేదు. వడ్డీకి ఇచ్చేవారు, తీసుకున్నవారు ఒకే బల్ల మీద కూర్చుని వింటే మరీ మంచిది. తమ ఊరి తగవు ఎత్తితే మాట పెరుగుతుంది. సుందరపాలెం తగవైతే ఎవరి మనసు నొప్పించకుండానే అసలు సంగతి బయటపడుతుంది.

తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలని మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పారు. 2021 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన చెప్పకుండా వదిలిన తీర్పు మాత్రం చదివేవారి మీదే ఉంది. ఊరి గ్రంథాలయంలో ఒక సాయంత్రం ఆ పుస్తకం తెరిస్తే, ఎవరు ఎటువైపు నిలబడతారో అప్పుడు తెలుస్తుంది.