నిలిపియుంచిన మోటారుబండి కరెంటు నీయగలదా?

కాఫీపండు కోసిననాడే తోలు తీయవలెను. ఆలస్యమైన పండు పులిసి, గింజ రుచి చెడి, ధర తగ్గును. ఇది మన సభ్యులెల్ల రెఱిగినదే. సీలేరు నీటికరెంటు మన ప్రక్కనే పుట్టుచున్నను, గాలివానకు తీగ తెగినచో పల్పరు నిలిచిపోవును. 2014 అక్టోబరు 12వ తేదీని వచ్చిన హుద్‌హుద్ తుపానునకు మన్యములో చెట్లును స్తంభములును కూలి, గ్రామములు చీకటిపాలయినవి. అట్టి దినములకు పనికివచ్చునని చెప్పబడుచున్న క్రొత్త సాధన మొకదానిని గూర్చి యిచ్చట వ్రాయుచున్నాము.

ఫ్యూయెల్ సెల్ బండిలో పెట్రోలు మండదు. తొట్టిలోని హైడ్రోజను, అనగా ఉదజని వాయువు, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి కరెంటును నీటిని పుట్టించును. ఆ కరెంటే చక్రములను త్రిప్పును. బండి నిలిచియున్నప్పుడు దానిని వెలుపలికి తీసికొనవచ్చును. జపానులో 2011 మార్చి భూకంపము తరువాత ఈ యోచన బలపడెను. 2014లో టొయోటావారు అమ్మకమునకు తెచ్చిన మిరాయి కారు, తగిన పరికరము తగిలించినచో, 9 కిలోవాట్ల వఱకు శక్తితో నిండుతొట్టికి సుమారు 60 యూనిట్ల నీయగలదు. నెదర్లాండ్సులోని డెల్ఫ్టు విశ్వవిద్యాలయమువారును నిలిపియుంచిన కారునుండి 10 కిలోవాట్లు తీసి ఊరితీగలకు పంపి చూచిరి.

లెక్క చూతము. రెండు అశ్వశక్తుల పల్పరు మోటారు ఆఱు గంటలు తిరిగినచో సుమారు 9 యూనిట్లు పట్టును. కావున నిండుతొట్టితో ఆఱు దినముల పని జరుగును.

అయినను ఖర్చు మఱువరాదు. నీటినుండి కిలో హైడ్రోజను తీయుటకు 50 యూనిట్లకు పైగా కరెంటు కావలెను. తిరిగి చేతికి వచ్చునది అందు మూడవవంతునకు మించదు. మూడు కుంచములు పోసి యొక కుంచము తెచ్చుకొనుట ఆపత్కాలమునకే తగును గాని దినదినమునకు తగదు. అనకాపల్లి జిల్లా పూడిమడకయొద్ద హరిత హైడ్రోజను కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. చింతపల్లిలో నింపుకొను చోటు లేదు. తుపానులో ఘాటురోడ్డుకూడ మూతపడును గనుక, హెచ్చరిక వినబడినప్పుడే బండి కొండమీద నుండవలెను.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. బండినుండి గాని, డీజిలు జనరేటరునుండి గాని వచ్చు కరెంటును ఊరితీగకు సూటిగా తగిలింపరాదు. అది ట్రాన్సుఫార్మరు ద్వారా వెనుకకు పోయి, వేలకొలది వోల్టులై, స్తంభముమీద పనిచేయు లైనుమాను ప్రాణము తీయును. ఊరితీగకు పంపుట కరెంటుశాఖవారి యనుమతితో, వారి పరికరములతోనే జరుగవలెను.

కావున సంఘములు బండికొఱకు తొందరపడ నక్కఱలేదు. పల్పరునకు వేఱు వైరింగును, చేంజోవరు స్విచ్చిని లైసెన్సుగల పనివానిచే పెట్టించుకొనవలెను. అది నేడు జనరేటరునకు, రేపు బండికి అక్కఱకు వచ్చును. చేతితో త్రిప్పు పల్పరు గలవారు దానిని మూలబడనీయక, కోతకు ముందే నూనె వేసి సిద్ధపఱచుకొనుడు.