యజమాని పేరుతో అపరిచితుడి ఉత్తరం: ఈమెయిల్ ధ్రువీకరణపై అపోహలు – వాస్తవాలు

వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్, స్నోహోమిష్ కౌంటీలు రెండింటిలోనూ విస్తరించిన బాతెల్ పట్టణం మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయమున్న రెడ్‌మండ్‌కు చేరువలోనే ఉంది; సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వచ్చి ఆ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. పన్ను రిటర్నులు, కేటరింగ్, కూచిపూడి తరగతులు, ఇళ్ల అమ్మకాలు వంటి చిన్న వ్యాపారాలకు అటువంటి ఊళ్లలో ఇన్వాయిస్ మొదలు రసీదు దాకా ఈమెయిలే ఆధారం. అయినా ఒక ఉత్తరం నిజంగా ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తేల్చే ఏర్పాటు విషయంలో, సాంకేతిక వృత్తుల్లో ఉన్నవారి నోట కూడా, కొన్ని అపోహలు వినిపిస్తూనే ఉంటాయి.

అపోహ: పాస్‌వర్డ్ భద్రంగా ఉంటే వ్యాపారపు చిరునామాతో ఇతరులెవరూ ఉత్తరం పంపలేరు.

వాస్తవం: పంపగలరు, అందుకు పాస్‌వర్డ్‌తో పని లేదు. ఈమెయిల్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు చేరవేసే ఎస్ఎంటీపీ అనే పద్ధతిని 1982లో జాన్ పోస్టెల్ ప్రామాణిక పత్రంగా రాసినప్పుడు, పరస్పరం ఎరిగిన సంస్థల మధ్య నడిచే ఆనాటి నెట్‌వర్క్‌లో పంపినవారి పేరును సరిచూసే అవసరం కనిపించలేదు. ఆ లోటును పూడ్చడానికే ఆ తరువాతి కాలంలో మూడు ఏర్పాట్లు వచ్చాయి. మొదటిదైన ఎస్‌పీఎఫ్ ఒక డొమైన్ పేరుతో ఉత్తరాలు పంపే అధికారం ఏయే సర్వర్లకు ఉందో తెలిపే బహిరంగ జాబితా. దాన్ని డొమైన్ వివరాలను లోకానికి చెప్పే డీఎన్ఎస్ రికార్డుల్లో ఉంచుతారు. రెండవదైన డీకిమ్ ప్రతి ఉత్తరానికీ ఒక రహస్య తాళంతో డిజిటల్ సంతకం చేస్తుంది. దానికి జోడైన బహిరంగ తాళం డీఎన్ఎస్‌లో ఉంటుంది కనుక, సంతకం అసలైనదా, దారిలో ఉత్తరం మారిందా అన్నది అందుకున్న సర్వర్ తేల్చుకోగలదు. అయితే ప్రతి ఈమెయిల్‌కూ తపాలా కవరు మీద ఉన్నట్టు ఒక చిరునామా, లోపలి ఉత్తరం మీద మరో చిరునామా ఉంటాయి. ఎస్‌పీఎఫ్ చూసేది కవరును, పాఠకుడు చూసేది లోపలిదాన్ని. ఈ సందును మూసేది మూడవదైన డీమార్క్: పాఠకుడికి కనిపించే డొమైన్, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ధ్రువీకరించిన డొమైన్‌తో సరిపోలాలని అది నిర్దేశిస్తుంది, సరిపోలని ఉత్తరాన్ని ఏం చేయాలో డొమైన్ యజమాని చేతనే చెప్పిస్తుంది.

అపోహ: ఇవన్నీ రోజుకు వేలాది ఉత్తరాలు పంపే పెద్ద కంపెనీలకే.

వాస్తవం: జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్న నిబంధనల్లో, రోజుకు 5,000కు పైగా పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి, అంతకన్నా తక్కువ పంపేవారికి కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఏదో ఒకటి ఉండాలి. యాహూ అదే కాలంలోనూ, మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్ ఖాతాల విషయంలో 2025 మేలోనూ ఇదే బాట పట్టాయి. సొంత డొమైన్ లేకుండా ఉచిత జీమెయిల్ లేదా యాహూ చిరునామాను పెట్టి, వార్తాలేఖలు పంపే సంస్థ ద్వారా ప్రకటనలు పంపే అలవాటు చిన్న వ్యాపారాలకు మరింత నష్టం చేస్తుంది. తమ డొమైన్‌తో బయటి సర్వర్లు పంపే ఉత్తరాలను తిరస్కరించమని యాహూ 2014 ఏప్రిల్‌లోనే ప్రకటించింది.

అపోహ: డీఎన్ఎస్‌లో రికార్డు చేర్చాక ఇక చూడవలసిందేమీ లేదు.

వాస్తవం: అన్నిటిలోకీ నష్టకరమైన అపోహ ఇదే. డీమార్క్ విధానానికి మూడు స్థాయిలున్నాయి: ‘నన్’ అంటే నివేదికలు మాత్రం పంపి ఉత్తరాన్ని యథాతథంగా చేర్చమని, ‘క్వారంటైన్’ అంటే స్పామ్‌లో వేయమని, ‘రిజెక్ట్’ అంటే తిప్పికొట్టమని అర్థం. ‘నన్’ దగ్గరే ఆగిపోయిన డొమైన్ పేరును ఎవరైనా వాడుకోవచ్చు. ఉత్తర కొరియాకు చెందిన కిమ్సుకీ ముఠా ఇలా బలహీనంగా వదిలేసిన డీమార్క్ విధానాలను ఆసరా చేసుకొని పండితుల, పాత్రికేయుల పేర్లతో ఉత్తరాలు పంపుతోందని అమెరికా విదేశాంగ శాఖ, ఎఫ్‌బీఐ, ఎన్ఎస్ఏ 2024 మేలో ఉమ్మడిగా హెచ్చరించాయి.

అలాగని మొదటి రోజే ‘రిజెక్ట్’ పెట్టడమూ తగదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, అపాయింట్‌మెంట్ యాప్, వెబ్‌సైట్ ఫారం వంటివి యజమానికే గుర్తులేని దారుల్లో అతని పేరుతో ఉత్తరాలు పంపుతుంటాయి. నివేదికలను కొన్ని వారాలు చదివి, వాటన్నిటికీ డీకిమ్ సంతకం కుదిర్చాకే పై స్థాయికి వెళ్లాలి. ఒక డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులుంటే, లేదా ఒకే రికార్డును పరిశీలించడానికి 10కి మించిన డీఎన్ఎస్ వెతుకులాటలు అవసరమైతే, ఆ పరిశీలన మొత్తం చెల్లకుండా పోతుంది. కొత్త సేవను చేర్చుకున్న ప్రతిసారీ ఎస్‌పీఎఫ్‌ను సరిచూడవలసిన కారణమిదే. ఒక పెట్టెకు వచ్చిన ఉత్తరం మరో పెట్టెకు దానంతటదే మళ్లినప్పుడు ఎస్‌పీఎఫ్ తరచుగా విఫలమవుతుంది, డీకిమ్ సంతకం మాత్రం ఉత్తరం మారనంతవరకు నిలుస్తుంది. కాబట్టి రెండింటిలో ఒకటి చాలుననుకోవడం కన్నా రెండూ ఉంచుకోవడమే వివేకం.

అపోహ: ఇతరుల పేరు వాడుకుంటే చట్టం చూసుకుంటుంది.

వాస్తవం: మరొకరి డొమైన్ పేరును అనుమతి లేకుండా వాడి వాణిజ్య ఈమెయిల్ పంపడాన్ని వాషింగ్టన్ రాష్ట్రం 1998లోనే నిషేధించింది, గ్రహీతకు 500 డాలర్ల పరిహారం కోరే హక్కునూ ఇచ్చింది, ఆ చట్టాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 2001లో సమర్థించింది. చాలా రాష్ట్రాలకన్నా ముందే వేసిన ప్రశంసనీయమైన అడుగు అది. కాని చట్టానికి పంపినవాడు దొరకాలి, సర్వర్‌కు ఆ అవసరం లేదు.

అపోహ: ధ్రువీకరణ పొందిన ఉత్తరాన్ని నమ్మవచ్చు.

వాస్తవం: ధ్రువీకరణ చెప్పేది ఉత్తరం ఏ డొమైన్ నుంచి వచ్చిందో మాత్రమే, అందులోని మాట నిజమని కాదు. అసలు పేరులో ఒక అక్షరం మార్చి కొన్న డొమైన్‌కు మోసగాడు ఈ మూడు ఏర్పాట్లనూ నిక్షేపంగా చేసుకోగలడు. దొంగిలించిన ఖాతా నుంచి వెళ్లే ఉత్తరమూ పరీక్షలన్నీ దాటుతుంది. వ్యాపార ఈమెయిల్ మోసాల వల్ల 2023లో 290 కోట్ల డాలర్లకు పైగా నష్టం జరిగినట్టు ఎఫ్‌బీఐకి ఫిర్యాదులు అందాయి. అందువల్ల చెల్లింపు ఖాతా మారిందని ఇన్వాయిస్‌తో పాటు ఉత్తరం వచ్చినప్పుడు, అందులో ఇచ్చిన నంబరుకు కాకుండా, ముందునుంచీ తమ దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి ధ్రువపరచుకున్నాకే యజమానులు డబ్బు పంపాలి.