జపానుదేశపు ముద్దుబొమ్మల కథలు: మన పిల్లలు చూడదగినవేనా?



నేటి ప్రసంగము జపానుదేశమున పుట్టి మన పల్లెల యిండ్లలోనికి వచ్చిన బొమ్మల కథలను గూర్చినది. వీనిని ఆ దేశీయులు 'అనిమే' యందురు. మన పిల్లలు 'కార్టూను' లందురు. తల్లిదండ్రులు పట్టణములందు కొలువులలో నుండగా అమ్మమ్మతాతల యొద్ద పెరుగు పిల్లలకు ఈ బొమ్మలే గంటల తరబడి తోడుగా నుండుట మీరెరిగినదే. కథ తెలుగు మాటలతోనో, హిందీ మాటలతోనో నడచును. బొమ్మ ముద్దుగా నుండును. పిల్లవాడు అల్లరి మాని కూర్చుండును. కావున ఇది పిల్లల కొరకు చేసినదే యని మనము నిశ్చింతగా నుందుము. ఆ నిశ్చింత తగునా యనునదే విచారింపవలసినది.

మొదట ఆ ముద్దుదనము సంగతి. పెద్ద తల, విశాలమైన కన్నులు, ఉబ్బిన బుగ్గలు, పొట్టి కాలుసేతులు పసిబిడ్డకు సహజ లక్షణములు. ఇవి కనబడినంతనే పెద్దల మనస్సున లాలించు భావము పుట్టునని కోన్రాడ్ లోరెంజ్ అను జంతుప్రవర్తన శాస్త్రజ్ఞుడు 1943లో వ్రాసెను. ఈ రూపమును జపాను చిత్రకారులు మిక్కిలి నేర్పుతో వాడుదురు. వారి భాషలో ముద్దుగా నుండుటకు 'కవాయీ' యని పేరు. అయితే ఆ దేశమున నిట్టి రూపము పిల్లల కథలకు మాత్రమే పరిమితము కాదు. పెద్దల హాస్యమునకును, దుఃఖకథలకును, వ్యాపార ప్రకటనలకును గూడ దానినే వాడుదురు. కాబట్టి బొమ్మ ముఖము చూచి కథ యోగ్యతను నిర్ణయించుట, పైపూత చూచి లోపలి లోహమును నిర్ణయించుట వంటిది.

మరి దేనిని చూచి నిర్ణయింపవలయును? శాస్త్రగ్రంథము నారంభించునపుడు మన గురువులు నాలుగు సంగతులను ముందుగా విచారించెడివారు: ఇది యెవరి కొరకు, ఇందేమి యున్నది, ఉన్నదానిని గ్రంథమెట్లు ప్రతిపాదించుచున్నది, చదివినందువలన ఫలమేమి. అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను ఈ నాలుగింటికి అనుబంధ చతుష్టయమని పేరు. బొమ్మల కథకును ఈ కొలబద్ద చక్కగా సరిపడును.

అధికారి యనగా ఆ కథకు తగిన శ్రోత. జపానులో బొమ్మల కథలు పెక్కులు మొదట పత్రికలలో వెలువడి, పిదప తెరకెక్కును. అచ్చటి పత్రికలు బాలురకు వేరు, బాలికలకు వేరు, ఎదిగిన పురుషులకు వేరు. కావున కథ మొదట నే పత్రికలో వెలువడినదో తెలిసినచో అధికారి యెవరో తెలియును. మన పిల్లలు మిక్కిలి మెచ్చు రెండు కథలను చూడుడు. 'డోరేమాన్' కర్త ఫుజిమోటో హిరోషి (1933–1996). ఇది 1970 జనవరి సంచికలతో, తరగతికొక్కటిగా వెలువడు బాలపత్రికలలో నారంభమయ్యెను. చిన్న తరగతివారికి వేరుగను, పెద్ద తరగతివారికి వేరుగను కథలు కూర్చబడెను. 'షిన్‌చాన్' కర్త ఉసుయి యోషితో. ఇది 1990లో ఎదిగిన పురుషులు చదువు వారపత్రికలో పుట్టి, 1992లో తెరకెక్కెను. ఇందలి కథానాయకుడు అయిదేండ్ల పసివాడు. శ్రోతలు మాత్రము పసివారు కారు. ఇద్దరి ముఖములును గుండ్రముగనే యుండును. పుట్టిన చోట్లు వేరు.

విషయము రెండవది. దీనికి మొదటి భాగము మాత్రము చూచిన చాలదు. 2011 జనవరిలో జపానులో మడోకా యను బాలిక కథ పండ్రెండు భాగములుగా ప్రసారము కాజొచ్చెను. అందలి బాలికల ముఖములు ముద్దులు మూటగట్టునట్లుండును. తెల్లని చిన్న జంతువొకటి వచ్చి, మీ కోరిక తీర్చెదను, మీరు మాయాశక్తులు గ్రహింపుడని ఆశ చూపును. మూడవ భాగమునకు వచ్చునప్పటికి ఆ బాలికలలో నొకతె ఘోరముగా మరణించును. చక్కని రూపముతో వచ్చిన పూతన కథను మరువని మనకిది వింత గాదు. ఆ దేశమున దీనిని అర్ధరాత్రి దాటిన పిదప ప్రసారము చేసిరి. ఆ వేళయే అది పసివారిది కాదని చెప్పుచుండెను. మన చేతి ఫోనులో అర్ధరాత్రి లేదు, పగలు లేదు. కావున వేళ చెప్పెడి హెచ్చరిక మనకందదు.

మూడవది సంబంధము. చెడుపని కథలో నున్నంత మాత్రమున కథ చెడ్డది కాదు. ఆ పనిని కథ యెట్లు చూపుచున్నదో చూడవలయును. డోరేమాన్ ఇరువది రెండవ శతాబ్దమునుండి వచ్చిన పిల్లిరూపపు యంత్రము. నోబితా యను సోమరి బాలుడు దానిని బతిమాలి వింత సాధనములు పుచ్చుకొనును. వానిని స్వార్థమునకు వాడి, తుదకు తానే చిక్కులలో పడును. కథలన్నియు నొక్కటి గాకున్నను, ఎక్కువ పాలు ఈ తీరుననే నడచును. చేసినదానికి ఫలము వెంటనే కనబడును. షిన్‌చాన్ తల్లిని వెక్కిరించును, యువతుల వెంటబడి మాటలాడును, నలుగురిలో లాగు జార్చి గంతులిడును. తల్లి మొట్టికాయ వేయును గాని, కథకు రుచి ఆ చేష్టలయందే యున్నది. పెద్దల కపటములను పసివాని నోట బయటపెట్టుట పెద్దలకు నవ్వు పుట్టించును. ఆ చమత్కారమెరుగని అయిదేండ్లవాడు చేష్టను మాత్రమే గ్రహించును. 2008లో మన కేంద్ర ప్రభుత్వము ఈ కథ ప్రసారమును నిలిపివేయగా, పిదప కొన్ని ఘట్టములు తొలగించి మరల ప్రసారము చేసిరి. అయినను న్యాయము చెప్పవలయును: ఆ కుటుంబమున పరస్పర ప్రేమ కలదు, కష్టించు తండ్రి కలడు. కథ నిస్సారము కాదు. పసివారికి తగినది కాదు.

ప్రయోజనము నాలుగవది. దీనిని తెరమీద గాక పిల్లవానియందు చూడవలయును. చూచిన పిదప వాడు బొమ్మ గీయునా, కథ తిరిగి చెప్పునా, ఆట కల్పించునా? లేక మారుపలుకుట, మొండికెత్తుట, భోజనమునకు పిలిచిన రాకుండుట హెచ్చినవా? ఒక వారము గమనించిన పక్షమున ఏ పండితుడును చెప్పనక్కరలేదు. ఎంతసేపు చూచుచున్నాడనునదియు ఇందులోనిదే. ఒక యేడు పిల్లలకు తెర తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమున కొక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించెను.

వయస్సు తెలుపు గుర్తు లున్నవి, వానిని వాడుకొనుడు. అంతర్జాలమున చిత్రములు చూపు సంస్థలు వయోభేదమును ప్రకటింపవలయునని 2021లో భారత ప్రభుత్వము నిబంధనలు చేసెను. 'యు' అనిన అందరికిని తగును. 'యు/ఏ' ప్రక్కన 7, 13, 16 అను అంకెలలో నేది యున్న, ఆ యేండ్లకు లోపలివారు పెద్దల తోడ్పాటుతో చూడవలయును. 'ఏ' అనిన వయోజనులకు మాత్రమే. అయితే ఎవరో తునకలుగా కత్తిరించి పంచిపెట్టు బొమ్మలకు ఈ గుర్తు లుండకపోవచ్చును. పసివాని చేతికి వచ్చునవి తరచుగా నవియే.

అయిన నన్నింటిని నిషేధింపవలయునా? అక్కరలేదు. పంచతంత్రమున మిత్రభేదమును తలచుకొనుడు. దమనకుడను నక్క కపటముచే సింహమునకును ఎద్దునకును గల మైత్రిని చెరచును, ఎద్దు చచ్చును, కపటికి శిక్ష లేదు. అట్టి కథను తరతరములుగా పిల్లలకు చెప్పుచునే వచ్చితిమి. దానివలన వారు చెడిపోలేదేల? చెప్పువాడు ప్రక్కన నుండెను. 'సింహము తొందరపడకున్న నేమగును? చాడీ విన్నవాడేమి చేయవలసియుండెను?' అని నడుమ నడుమ నడిగెను. తెరకు కథ చెప్పుట తెలియును గాని, పిల్లవానిని ప్రశ్నించుట తెలియదు. ఆ పీట ఖాళీగా నున్నది. దానిమీద కూర్చుండవలసినవారు మీరే.

కావున నా అభిప్రాయమిది. డోరేమాన్ బడికి పోవు పిల్లలు పెద్దల చెంత మితముగా చూడదగినది. షిన్‌చాన్ హాస్యమునకును అనుకరణమునకును భేదమెరిగిన పిదప చూడదగినది. మడోకా వంటివి యౌవనమున నడుగిడిన వారివి. క్రొత్త కథ యేది వచ్చినను మొదటి మూడు భాగములు మీరు చూచి, పై నాలుగు ప్రశ్నలు వేసికొని, పిదప పిల్లవాని చేతికిండు. చూచునపుడు ఒకటి రెండు మారులైనను ఆపి, 'వాడు చేసినది తగునా, నాయనా?' యని యడుగుడు. వాడు చెప్పు సమాధానమే ఆ కథ వానికి తగినదో కాదో మీకు తెలుపును.